ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు

జబ్బుపడి పద్నాలుగు నెలలైంది. రాద్దామని కూర్చోవడం, ఆ రాత్రి దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేసి లేచిపోవడం, ఇన్నాళ్లూ ఇదే వరస. ఇప్పుడు భయం కాస్త సర్దుకుంది. వేళ్లు కూడా మాట వింటున్నాయి. కృతజ్ఞతలు చెప్పుకోవాల్సిన వాళ్లున్నారు, కోపం తీరని వాళ్లూ ఉన్నారు. మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలి.

అంతకుముందు నేనెలాంటి మనిషినో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఉద్యోగం చేసుకుంటూనే నలభై మూడో ఏట పీహెచ్‌డీ పూర్తిచేయాలని పంతం పట్టినదాన్ని. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచేదాన్ని. బీరువా తలుపు లోపలివైపు ఒక చార్టు అంటించుకున్నాను. రోజుకో గడి. అనుకున్నన్ని పేజీలు రాసిన రోజు గడి నింపాలి. రెండేళ్లలో ఖాళీగా మిగిలిన గళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాతోపాటు చేరి మధ్యలో మానేసిన ఒక స్నేహితురాలి గురించి "ఆవిడకి పట్టుదల లేదు" అని నలుగురిలో అనేశాను. ఆ మాట ఆవిడ దాకా వెళ్లింది కూడా. ఇంటికొచ్చాక నేను మొదట చేసిన ఫోన్లలో ఒకటి ఆవిడకే, క్షమించమని అడగడానికి.

ముందు కడుపు చెడింది. రెండు రోజుల్లో తగ్గిపోయింది, దాన్ని జబ్బని కూడా అనుకోలేదు. మూడు వారాల తర్వాత అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. వట్టి కాళ్లతో నడుస్తున్నా మందపాటి మేజోళ్లు వేసుకున్నట్టుండేది. మర్నాటికి మెట్లెక్కుతుంటే మోకాళ్లు వదిలేస్తున్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నా ఉద్యోగం, చదువు, పిల్ల వివరాలన్నీ అడిగి నవ్వాడు. "అన్నీ నెత్తినేసుకుంటే ఒళ్లు ఇలాగే మొరాయిస్తుందమ్మా. స్ట్రెస్. రెండు రోజులు రెస్టు తీసుకోండి, మళ్లీ ఉత్సాహం అదే వస్తుంది" అన్నాడు.

నేను నమ్మాను. నమ్మడమే కాదు, సిగ్గుపడ్డాను. ఒళ్లు సాకులు వెతుకుతోందనుకుని ఆ రాత్రి కూడా టేబుల్ ముందు కూర్చున్నాను. పెన్ను జారిపోతుంటే గట్టిగా పట్టుకున్నాను. మోకాలి కింద చిన్న సుత్తితో ఒక్కసారి తట్టి చూసి ఉంటే కాలు కదలట్లేదని ఆయనకి తెలిసేది. ఈ జబ్బులో ఆ కదలిక తొందరగానే పోతుంది చాలామందికి. అర నిమిషం పని. ఆ అర నిమిషం గురించి నాకింకా కోపం పోలేదు. పోవాలని ప్రయత్నించడం కూడా మానేశాను.

మూడోరోజు స్నానాల గదిలో కూలబడితే మా ఆయన ఎత్తుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. వెన్నులోంచి నీరు తీశారు, నరాలకు చిన్న చిన్న షాకులిచ్చి చూశారు, స్కానింగులు అయ్యాయి. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. కడుపులో చేరిన సూక్ష్మజీవితో పోరాడటానికి ఒంట్లో తయారైన రక్షణ దళం, దాని పోలికలే నరాల మీదా కనిపించేసరికి నరాల మీద పడిందట. కరెంటు తీగ మీది తొడుగు కాలిపోతే ఎలాగో అలాగ. బలహీనత కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఎక్కడ ఆగుతుందో మొదటిరోజు ఎవరూ చెప్పలేరు. కొందరికి నడుము దగ్గర ఆగుతుంది. నాకు ఆగలేదు.

ఆ రాత్రి గురించే ఇదంతా.

ఐసీయూలో రాత్రి డ్యూటీ నర్సు వయసులో నాకంటే చాలా చిన్నది. సాయంత్రం ఏడింటికి వచ్చి, "అక్కా, గట్టిగా ఊపిరి తీసుకుని మళ్లీ తీసుకోకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి" అంది. 26 దాకా వెళ్లాను. పరీక్ష పాసైనట్టు ఆమె వైపు చూశాను. ఆమె నవ్వలేదు, కాగితం మీద రాసుకుంది. పదింటికి 19. మళ్లీ ప్రయత్నిస్తానన్నాను, ఈసారి 18. అప్పుడు అర్థమైంది ఇది దేనికో. ఛాతీ కండరాలు ఎంత మిగిలాయో చూస్తున్నారు. గొట్టంలోకి ఊదించి కొలిచే యంత్రం కూడా ఉంది. కిలో బరువుకు 20 మిల్లీలీటర్ల కంటే ఊపిరి తగ్గితే వెంటిలేటర్ పెట్టాలని గుమ్మం దగ్గర నిలబడి డ్యూటీ డాక్టరు మా ఆయనతో చెబుతున్నాడు. నాకు వినబడదనుకున్నాడు. కాళ్లూ చేతులూ పోయాయి గానీ చెవులు పోలేదు.

ఒంటిగంటకు 12.

జీవితంలో నేను దేన్నైనా అంత బలంగా కోరుకున్నానా అంటే లేదు. పదమూడు అనాలి. అంతే. పదమూడు అనే మాట నోట్లో తయారుగా ఉంది, దాన్ని తోయడానికి గాలి లేదు. పెదాలు ఒక పక్కకి జారిపోయాయి, ముఖం సగం నాది కాదు. రెండేళ్లపాటు గళ్లు నింపుకొచ్చిన పంతం అంతా పోగుచేసి ఆ ఒక్క అంకె మీద పెట్టాను. రాలేదు. రెండున్నరకి 8.

ఆ పిల్ల అప్పుడు కాగితం పక్కన పెట్టేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని నా చెయ్యి పట్టుకుంది. "ఇక మీరు లెక్కపెట్టొద్దక్కా, నేను పెడతాను. మీరు వింటూ ఊపిరి తీసుకోండి చాలు" అంది. ఒకటి, రెండు, మూడు... చిన్నగొంతుతో, తొందరపడకుండా. పది దాకా వచ్చి మళ్లీ ఒకటి. నేను దేవుణ్ణి తలుచుకుని ఏళ్లయింది. ఆ రాత్రి ఆ అంకెలే జపం అయ్యాయి. ఎన్నోసారి ఒకటి దగ్గర మొదలైందో తెలియదు, నాలుగింటికి గొట్టం వేశారు. మత్తులోకి జారేముందు విన్నది 6.

వెంటిలేటర్ మీద పన్నెండు రోజులు. ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే దాతల రక్తంలోంచి తీసిన రక్షక ప్రొటీన్ల మందు, ఐదు రోజులు ఎక్కించారు. ఆ రోజుల గురించి నా దగ్గర పెద్దగా చెప్పడానికి లేదు. కనురెప్ప ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు.

ఈ జబ్బును 1916లో ముగ్గురు ఫ్రెంచి డాక్టర్లు కలిసి వివరించారని తర్వాత చదివాను. గులియన్, బారే, స్ట్రోల్. నరాలకు కరెంటు పరీక్షలు చేసింది మూడో ఆయన. జబ్బు పేరులోంచి రాలిపోయింది కూడా ఆయనే. నా డిశ్చార్జి కాగితాల మీద ఇద్దరు పెద్ద డాక్టర్ల పేర్లున్నాయి. వాళ్లు నన్ను బతికించారు, కాదనను. అర్ధరాత్రి నా బదులు అంకెలు లెక్కపెట్టిన పిల్ల పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు.

గొట్టం తీశాక మా అన్నయ్య చూడటానికి వచ్చాడు. నా మీద ప్రాణం పెట్టుకునే మనిషి. నా తల నిమురుతూ, "నీకు బతకాలన్న పట్టుదల ఉంది కాబట్టే బతికావమ్మా, నాకు తెలుసు నువ్వు ఓడిపోవని" అన్నాడు.

పక్క మంచం ఆ ముందురోజే ఖాళీ అయింది. అందులో ఉన్నావిడకు ఇద్దరు చిన్న పిల్లలు. గాజు తలుపు అవతల నిలబెట్టి చూపిస్తే చెయ్యెత్తడానికి ఆవిడ ఎంత పెనుగులాడేదో నేను పడుకునే చూశాను. ఆవిడకు పట్టుదల తక్కువైందా అన్నయ్యా? గొంతు లేక ఆ రోజు అడగలేదు. తర్వాత అడిగాను. అలా కాదమ్మా నా ఉద్దేశం అన్నాడు. ఉద్దేశం నాకు తెలుసు. అయినా ఆ మాట ఇప్పటికీ ముల్లులా ఉంది. బతికినవాళ్లను మెచ్చుకోవడానికి పోయినవాళ్లను తక్కువ చేయకూడదు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఆసుపత్రిలో నా కోసం వేరేవాళ్లు పోరాడారు. ఇంట్లో నేనే చేయాలి, చేయాలనిపించదు. రోజూ పొద్దున్నే ఫోన్లో ఎవరో ఒకరు స్ఫూర్తి సందేశం పంపేవారు. 21 రోజులు వదలకుండా చేస్తే ఏదైనా అలవాటైపోతుందని ఒకరు గట్టిగా చెప్పారు. నమ్మి రోజులు లెక్కపెట్టుకున్నాను. ఇరవై రెండో రోజు పొద్దున కాళ్ల వ్యాయామం మొదటి రోజుకన్నా బరువుగా అనిపించింది. గోడ వైపు తిరిగి ఏడ్చాను. అలవాట్ల మీద లండన్‌లో జరిగిన ఒక పరిశోధన, 2009లో వెలువడింది, చాలాకాలం తర్వాత నా కంటబడింది. ఒక చిన్న పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందట. కొందరికి 18, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. ఆ చివరి ముక్క చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా చార్టులో ఖాళీ గడి ఉన్న ప్రతి రాత్రీ నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో.

నాలుగో నెలలో పెద్ద పొరపాటు చేశాను. పది సార్లు చేయమన్న వ్యాయామం ఎవరికీ చెప్పకుండా నలభై చేశాను, రెండు పూటలా. పాత మనిషి తిరిగొచ్చిందని సంబరపడ్డాను. మూడోరోజుకి కాలు మంచం మీంచి లేవలేదు. వారం రోజులు మళ్లీ మంచమే. కోలుకుంటున్న నరాన్ని అలా తరిమితే ఉన్న బలమూ పోతుందట. ఫిజియోథెరపిస్టు కోప్పడతాడనుకున్నాను. ఆయన నా పాదం పట్టుకుని మెల్లగా వంచుతూ, "మేడమ్, రేపు కూడా చేయగలిగినంతే ఇవాళ చేయండి" అన్నాడు. "తొడుగు మాత్రమే దెబ్బతిన్న చోట వారాల్లో, నెలల్లో బాగవుతుంది. మీ కాళ్లలో కొంతమేర లోపలి తీగే పోయింది. అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మీరు గట్టిగా అనుకున్నా అంతే, అనుకోకపోయినా అంతే. మనం చేయాల్సింది అది వచ్చేదాకా కీళ్లు బిగుసుకోకుండా చూసుకోవడం" అన్నాడు.

మిల్లీమీటరు. మా అమ్మాయి జామెట్రీ పెట్టెలోని స్కేలు తెప్పించుకుని చూశాను. రెండు సన్నగీతల మధ్య చోటు. నడుము నుంచి బొటనవేలి దాకా అలా ఎన్ని గీతలో లెక్కేసుకుంటే ఏడుపు రావాలి. రాలేదు. మొదటిసారి నిద్రపట్టింది. నేను సరిగ్గా కోరుకోవడం లేదు కాబట్టే బాగవడం లేదన్న బరువు ఆ రోజుతో దిగిపోయింది.

అప్పటినుంచి ఒక్క చొక్కా గుండీ. పొద్దున పళ్లు తోముకున్నాక, మంచం మీద కూర్చుని, పై నుంచి రెండో గుండీ. వేరే ఏ పనికీ మాట ఇవ్వలేదు. బొటనవేలు గుండీ అంచుని తాకిందో లేదో తెలిసేది కాదు, కళ్లతో చూస్తూ తోయాలి. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, పక్కన కూర్చుని గడియారం చూసేది. మొదటిరోజు 11 నిమిషాలు పట్టింది. "అమ్మా, నేను పెట్టనా?" అని అడిగేది గానీ చెయ్యి మాత్రం చాచేది కాదు. ఆ ఓపిక తొమ్మిదేళ్ల పిల్లకు ఎవరు నేర్పారో. ఉత్సాహం ఉన్న రోజులు తక్కువ. లేని రోజు కూడా పళ్లు తోముకోవడం తప్పదు కదా, దాని వెనకే గుండీ వచ్చేది. రెండు నెలలకి 40 సెకన్లు.

పీహెచ్‌డీ సంగతి అడుగుతారు అందరూ. గడువు పెంచారు. అందుకు మా గైడ్ మేడమ్‌కి రుణపడి ఉన్నాను. అయినా పాత పద్ధతిలో ఇక కుదరదు. ఈ జబ్బు వదిలినా దీని అలసట చాలామందిని ఏళ్ల తరబడి వదలదు. మధ్యాహ్నం మూడు దాటితే నా మెదడులో దీపం ఆరిపోయినట్టే. నాలుగున్నరకి లేవడం మానేశాను. చార్టు చించేశాను. చించుతున్నప్పుడు ఎంత బాధపడ్డానో చెబితే నవ్వుతారేమో, చనిపోయిన మనిషి బట్టలు సర్దుతున్నట్టుంది. ఇప్పుడు పదకొండు నుంచి పన్నెండు దాకా ఒక్క గంట, నోటితో చెబితే ఫోను టైపు చేస్తుంది, తప్పులు దిద్దుకుంటాను. ఎనిమిది అధ్యాయాలనుకున్నది ఐదుకి కుదించాను. మొదట ఓటమి అనిపించింది. కుదించాక చూస్తే తీసేసిన మూడూ పరిశోధనకు అవసరమై రాసుకున్నవి కావు, నా గొప్ప కోసం పెట్టుకున్నవి.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా పాదాల్లో తిమ్మిరి మొదలై, రోజుల్లోనే బలహీనత పైకి పాకుతుంటే దయచేసి ఇంట్లో పడుకోకండి. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. స్ట్రెస్ అంటే ఊరుకోకండి, మోకాలు తట్టి చూడమని మీరే అడగండి. మంచం మీద ఉన్నవాళ్లకి తోడుండేవాళ్లూ, "నువ్వు అనుకుంటే చేయగలవు" అనకండి. అనుకుంటూనే ఉంటారు వాళ్లు. ఏ పూట రమ్మంటావు, ఎంతసేపు కూర్చోమంటావు అని అడగండి.

ఆరు నెలల కిందట చేతికర్రతో ఆ ఐసీయూకి వెళ్లాను. ఆ పిల్ల అక్కడ లేదు, వేరే చోట ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిందన్నారు. కొత్తగా వచ్చినవాళ్లకి ఆమె సంగతి తెలియదు. బయట బెంచీ మీద కాసేపు కూర్చుని, గట్టిగా ఊపిరి తీసుకుని ఒకటి నుంచి మొదలుపెట్టాను. 34 వచ్చింది. పక్కన కూర్చున్న ఎవరో పెద్దాయన ఏమ్మా అని అడిగారు, ఏం లేదండీ అన్నాను.

ఎడమ పాదం సాయంత్రాలు ఇప్పటికీ ఈడుస్తుంది. పదకొండు కావస్తోంది. మూడో అధ్యాయంలో నిన్న సగంలో ఆపిన పేరా ఒకటుంది.