మారుతి 800: తాళం తిప్పే ముందు ఆయిల్ గొడవ

రీబోరు చేయించిన ఇంజన్‌ని పోయిన నెలాఖరుకే బండిలో దింపేశాను, కానీ స్టార్ట్ చేయడానికి మాత్రం మొన్న ఆదివారం దాకా ఆగాల్సి వచ్చింది. బండి 1994 మోడల్ మారుతి 800, నాన్నది. కార్బురేటర్ బండి, మూడు సిలిండర్ల ఎఫ్8బి ఇంజన్. బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగి ఆయిల్ తాగేస్తుంటే బెజవాడ ఆటోనగర్‌లో లేత్‌కి ఇచ్చి 0.50 ఎంఎం ఓవర్‌సైజ్ పిస్టన్లకి బోరింగ్ చేయించాను. 68.5 ఎంఎం బోరు కాస్తా 69 అయింది, కూర్చుని లెక్కేస్తే 796 సీసీ ఇంజన్ ఇప్పుడు దాదాపు 808 సీసీ. ఆర్సీలో మార్పిస్తావా ఏంటని బావ వేళాకోళం.

బిగింపు అంతా నేనే ఇంట్లో చేసుకున్నాను. బేరింగులకీ రింగులకీ ఆయిల్ బాగానే పూశాను. తర్వాత ఆఫీసు పనిలో పడి, బండిలో దింపకుండానే ఇంజన్‌ని పోర్టికోలో పాత దుప్పటి కప్పి నాలుగు నెలలు వదిలేశాను. ఆ నాలుగు నెలల్లో ఆయిల్ పంపులో ఉన్న తడి కాస్తా కిందికి జారిపోయింది, తడి లేని పంపు ఆయిల్‌ని పైకి లాగలేదు. పంపు గేర్ల మధ్య వాసలీన్ కుక్కి మూత బిగించి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు, తెలిసీ బద్ధకించాను.

శనివారం పొద్దున్న 20డబ్ల్యూ40 మినరల్ ఆయిల్ పోశాను. కొత్త రింగులు బోరుకి ఒరుసుకుని కూర్చోవాలి కాబట్టి సింథటిక్ జోలికి పోలేదు. మూడు ప్లగ్గులూ ఊడదీశాను, కంప్రెషన్ లేకపోతే సెల్ఫ్ మోటార్ మీద బరువు పడదు, బేరింగుల మీదా పడదు. కాయిల్‌కి వచ్చే కరెంటు వైరు పీకేశాను. పెట్రోల్ పంపు కూడా క్యామ్ (వాల్వులు నడిపే షాఫ్ట్) మీదే నడుస్తుంది, ఇంజన్ తిరిగితే అదీ పెట్రోల్ తోడుతుంది, అందుకని దాని ఇన్‌లెట్ గొట్టం తీసి మూసేశాను. ప్లగ్గు కన్నాలు తెరిచి ఉన్నప్పుడు పెట్రోల్ ఆవిరీ నిప్పురవ్వా ఒకచోట కలవకూడదు, ఈ రెండు పనులూ మర్చిపోవద్దు. రాకర్ల (వాల్వుల్ని నొక్కే చేతులు) మీది కవర్ కూడా తీసి పెట్టాను, ఆయిల్ పైకి వచ్చిందో లేదో కళ్ళతో చూడాలని.

బావ సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. పది సెకన్లు కొట్టడం, ఒక నిమిషం ఆగడం. ఇలా ఆరుసార్లు అయింది. డ్యాష్‌బోర్డులో ఆయిల్ ఎర్ర లైటు ఆరలేదు, రాకర్ల మీద చుక్క ఆయిల్ లేదు. "ఒకసారి స్టార్ట్ చేసేయరా, స్పీడుగా తిరిగితే అదే లాగుతుంది" అన్నాడు బావ. అటు నుంచి వెళ్తున్న పక్కింటాయన కూడా అదే మాట. ఇలా సలహా ఇచ్చేవాళ్ళు ఊరంతా ఉంటారు, బేరింగులు కొనిచ్చేవాళ్ళు మాత్రం ఉండరు. పూసిన ఆయిల్ ఎప్పుడో నెలల కిందటిది, ఎండిన బేరింగు మీద నిమిషం నడిచినా క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద గీతలు పడతాయి. బ్యాటరీ కూడా నీరసపడింది, అక్కడితో ఆపేశాను.

కొన్ని ఇంజన్లలో డిస్ట్రిబ్యూటర్ పీకి, ఆ కన్నంలోంచి డ్రిల్ మెషిన్‌తో ఆయిల్ పంపు తిప్పొచ్చు. దీంట్లో ఆ వీలు లేదు, పంపు క్రాంక్ ముందు కొసకే ఉంటుంది, క్రాంక్ తిరిగితేనే అదీ తిరుగుతుంది. సెల్ఫ్ ఆపేశాక నేను మొదట చేసిన తెలివితక్కువ పని, ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి ఆ కన్నంలోంచి నూనె డబ్బాతో ఆయిల్ కొట్టడం. గ్యాలరీ (బేరింగులకీ రాకర్లకీ ఆయిల్ వెళ్ళే దారి) నిండింది, రాకర్ల మీద తడి కూడా కనిపించింది, కానీ పంపు దాకా ఆ ఆయిల్ చేరదు. మధ్యలో ఫిల్టర్ ఉంది, దాని లోపలి రబ్బరు వాల్వు ఆయిల్‌ని వెనక్కి పోనివ్వదు. ఆ వాల్వు ఉన్నదే అందుకు!

సాయంత్రం ఆటోనగర్‌లో తెలిసిన పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన మొత్తం విని, "ఫిల్టర్ ఊడదీసి అంచు కన్నంలో పొయ్యి, నడిమి కన్నంలో కాదు" అని ఒక్క ముక్క చెప్పి టీ తాగుతూ కూర్చున్నారు. అడగ్గానే ఒక ఆయిల్ ప్రెషర్ గేజ్ కూడా ఎరువిచ్చారు.

ఆదివారం పొద్దున్నే ఫిల్టర్ తీశాను. అది కూర్చునే చోట నడుమ మర ఉన్న గొట్టం ఉంటుంది, అది గ్యాలరీకి వెళ్ళే దారి. అంచున, ఫిల్టర్ రబ్బరు రింగు లోపలి పక్క ఉన్న కన్నం పంపు నుంచి వచ్చే దారి. 20 ఎంఎల్ సిరంజికి చిన్న ప్లాస్టిక్ గొట్టం తగిలించి ఆ అంచు కన్నంలో ఆయిల్ ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటి రెండు సిరంజిలు ఎక్కడికి పోయాయో తెలియలేదు. మూడోది సగంలో ఉండగా కన్నంలోంచి గుడగుడమని బుడగలు వచ్చాయి, నాలుగోది లోపలికి దిగకుండా అంచు దాకా నిలబడి మెరిసింది. గేర్ల మధ్య సందులకి ఆయిల్ పట్టిందని అప్పుడు నమ్మకం కుదిరింది. ఫిల్టర్‌లో సగం దాకా ఆయిల్ పోసి (నిండా పోస్తే బిగించేలోపు చొక్కా మీదే), రబ్బరుకి ఆయిల్ రాసి చేత్తో బిగించాను. స్విచ్ చోట గేజ్ పెట్టాను.

రాత్రంతా చార్జింగ్ పెట్టిన బ్యాటరీతో బావ సెల్ఫ్ కొట్టాడు. నాలుగు సెకన్లు ఏమీ లేదు. తర్వాత గేజ్ ముల్లు వణికింది, సున్నా వదిలి పైకి లేచి ఒకటికీ ఒకటిన్నర బార్‌కీ మధ్య ఊగుతూ ఆగింది. "లేచింది రా!" అని నేనే అరిచాను, బావ లోపలున్నాడు కదా, ఆయనకి కనిపించదు. ఇంకో రెండుసార్లు కొట్టేసరికి ఆఖరి రాకర్ దగ్గర కూడా ఆయిల్ ఊరింది.

అదే ఊపులో కంప్రెషన్ కూడా చూశాను, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి: 148, 150, 145 పీఎస్ఐ. రింగులు ఇంకా కూర్చోలేదు కాబట్టి అంకె ఎంతన్నది పట్టించుకోలేదు, మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, అది చాలు.

మిగతావి త్వరగానే అయ్యాయి. పాయింట్ల గ్యాపు, ప్లగ్గుల గ్యాపు సరిచూసి వైర్లు సిలిండర్లు మండే 1-3-2 వరసలో తగిలించాను. కూలెంట్ పోసేటప్పుడు హీటర్ ఫుల్లుగా తిప్పి పెట్టాను, లేకపోతే హీటర్ దారిలో గాలి ఇరుక్కుంటుంది. రేడియేటర్ దగ్గర ఫ్యాన్ స్విచ్ వైర్లు రెండూ కలిపి ఫ్యాన్ తిరుగుతుందో లేదో ముందే చూసుకున్నాను. కార్బురేటర్ గిన్నె ఎండిపోయి ఉంది కాబట్టి అదే రకం ఇంకో సిరంజితో గాలి గొట్టంలోంచి పెట్రోల్ పోశాను, అది నిండడానికి ఊరికే సెల్ఫ్ కొట్టే పని తప్పింది. బకెట్ ఇసుక, చిన్న ఫైర్ సిలిండర్ పక్కన పెట్టాను. అమ్మ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, బండి ఎక్కడికీ కదలదమ్మా అంటే వినలేదు.

మొదటిసారి కార్బురేటర్‌లోంచి ఠప్పుమని కొట్టింది. డిస్ట్రిబ్యూటర్ చేత్తో కొంచెం తిప్పాను, రెండోసారికి అందుకుంది. ఐడిలింగ్‌లో పెట్టకుండా సుమారు 1500 నుంచి 2000 మధ్య మారుస్తూ ఇరవై నిమిషాలు నడిపాను. 800కి ఆర్‌పీఎం మీటర్ ఉండదు, టాకో ఉన్న మల్టీమీటర్ పెట్టుకున్నాను. పాత క్యామే, రాకర్లు కూడా ఏ చోటివి ఆ చోటే పెట్టాను, వాటిని కొత్తగా ఒరిపించే పని లేదు, ఇరవై నిమిషాలు రింగుల కోసమే. మొదటి ఐదు నిమిషాలు సైలెన్సర్ నుంచి తెల్ల పొగ, మానిఫోల్డ్ మీద నుంచి రంగు కాలే వాసన. ఆయిల్ ప్రెషర్ మూడు బార్ దగ్గర నిలబడింది. ఫ్యాన్ తనంతట తాను ఆన్ అయ్యేదాకా బావా నేనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, అంత టెన్షన్.

కింది గొట్టం క్లిప్పు దగ్గర కూలెంట్ చుక్కలు పడ్డాయి, బిగించాను. చల్లారాక ఆయిల్ దింపేసి చూస్తే సన్నటి వెండి మెరుపు ఉంది, రింగులది అనుకుంటున్నాను, అయస్కాంతానికి పెద్ద ముక్కలేవీ అంటలేదు. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాను, మళ్ళీ 500 కిలోమీటర్లకి మారుస్తాను. రెండో సిలిండర్ టాపెట్ టిక్‌టిక్ మంటోంది, శనివారం ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) కూర్చోవాలి. పెద్దాయన గేజ్ ఇంకా నా దగ్గరే ఉంది.