ఎసరుకు ఏ నీళ్లు?

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర.

అత్తావాళ్ల వసారాలో కూర్చుని రాస్తున్నాను. కాళ్లు పీకుతున్నాయి, అయినా ఈరోజు సంగతి ఈరోజే రాసుకోవాలి. నా ప్రాజెక్టులో అసలు అడగాల్సిన ప్రశ్న ఏదో ఇవాళ ఒక అవ్వ మాటల్లో దొరికింది. ఎనిమిది నెలల నుంచి బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఫ్లోరైడ్ అని తిరుగుతున్నాను, ఈ ప్రశ్న మాత్రం తట్టలేదు.

పొద్దున ఐదున్నరకే లేచాను. రెండో విడత శాంపిళ్లు తీయాలి. మొదటి విడత మే నెలలో, బోర్లలో నీళ్లు బాగా కిందికి దిగిపోయినప్పుడు తీశాను. ఇప్పుడు ఈశాన్య రుతుపవనాల వానలు అయిపోయాక అవే బోర్లలో మళ్లీ తీస్తున్నాను. వాన పడితే ఫ్లోరైడ్ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు కానీ అలా ముందే చెప్పడానికి లేదు. కొత్త నీరు కలిసి పలచబడొచ్చు, లేదా ఆ నీరే మట్టిలోంచి, పగిలిన రాతిలోంచి దిగుతూ ఇంకాస్త కరిగించుకుని రావొచ్చు. అందుకే రెండు విడతలు.

కనిగిరి వైపు ఇది కొత్త గొడవ కాదు. ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకీ ఎముకలకీ వచ్చే జబ్బు. మన దేశంలో దాని గురించి వచ్చిన తొలి పరిశోధన పత్రాల్లో ఒకటి 1937లోది, అదీ మద్రాసు ప్రెసిడెన్సీ గురించి, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. అంటే మా తాతయ్య పుట్టకముందే ఈ నీళ్ల సంగతి కాగితం మీదకి ఎక్కింది. తాతయ్య చివరి పదేళ్లు మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. చిన్నప్పుడు నేను వెనక నుంచి పిలిస్తే ఆయన మొత్తం మనిషే తిరిగేవాడు, అది ఆట అనుకుని మళ్లీ మళ్లీ పిలిచేదాన్ని. ఎమ్మెస్సీలో ప్రాజెక్టు టాపిక్ ఏంటని అడిగిన రోజు నాకు వేరే ఆలోచనే రాలేదు.

మొదట నేను రాసుకున్న ప్లాన్ వేరు. మునగ గింజల పొడితో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడం, ఎంత పొడికి ఎంత తగ్గుతుందో ల్యాబులో గ్రాఫులు గీయడం. గైడ్ మేడమ్ అంతా చదివి రెండే ప్రశ్నలు అడిగారు. "ఆ పొడి రోజూ కొలిచి వేసేదెవరు? వేశాక అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పారబోస్తారు?" నా దగ్గర జవాబు లేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన నల్గొండ టెక్నిక్ గురించి అప్పుడే చదివాను. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి తేరనిస్తే ఫ్లోరైడ్ ఆ తుక్కుతో పాటు కిందికి దిగుతుంది. పద్ధతి పనిచేస్తుంది, చవక కూడా. కానీ నీళ్లను బట్టి పటిక మోతాదు మారుతుంది, రోజూ ఒక మనిషి శ్రద్ధగా చూసుకోవాలి, మిగిలిన మడ్డికి దారి చూపాలి. ల్యాబులో తేలిన పని ఇంటి పెరట్లోకి వచ్చేసరికి ఎక్కడ ఆగిపోతుందో అది చదివాకే నాకు అర్థమైంది. మేడమ్ అన్నారు, "ముందు జనం ఏ నీళ్లు దేనికి వాడుతున్నారో తెలుసుకో, ఆ తర్వాత తీసేయడం సంగతి." అలా టాపిక్ మారింది. ఊళ్లో బోర్ల మ్యాపు ఒకటి, ఇంటింటి ప్రశ్నాపత్రం ఒకటి, రెండూ కలిపి ఏ ఇంటికి ఏ మార్పు సులువో చెప్పడం.

ఏడింటికి మొదటి బోరింగు దగ్గరికి వెళ్లాను. ఇది బడి పక్కది. చేతిపంపు కొట్టగానే వచ్చే నీళ్లు పట్టకూడదు, అవి గొట్టంలో రాత్రంతా నిలవున్న నీళ్లు. ఐదు నిమిషాలు కొట్టాలి, మధ్యమధ్యలో మగ్గులోకి పట్టి ఈసీ మీటరు (నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చెప్పేది) ముంచి అంకె నిలకడగా ఉందా లేదా చూడాలి. మామయ్య కొట్టాడు, నేను చూశాను. అంకె కదలకుండా ఆగాక ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గొంతుదాకా నింపి మూత బిగించాను. ఫ్లోరైడ్‌కి ఐస్ పెట్టె అక్కర్లేదు, గాజు సీసా మాత్రం వద్దు, ఫ్లోరైడ్‌కి గాజుతో కలిసే గుణం ఉన్నది. మేలో మార్కర్ పెన్నుతో రాసిన నంబర్లు తడి చేతులకి చెరిగిపోయి రెండు సీసాలు ఏ బోరువో తెలియక పారబోశాను, ఆ రోజు ఏడుపొచ్చింది. ఇప్పుడు కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి పైన టేపు అంటిస్తున్నాను. పెన్సిల్ తడికి చెరగదు.

పొలాల్లోని బోర్లకి మాత్రం త్రీ ఫేజ్ కరెంటు వచ్చేదాకా కాచుకోవాలి. రెండు బోర్ల దగ్గర గంటన్నర కూర్చున్నాం. ప్లాన్‌లో ఒక రోజుకి పదహారు శాంపిళ్లు అని రాసుకున్నాను, ఇవాళ 11 అయ్యాయి. కాగితం మీద ఆ పదహారు రాసినప్పుడు కరెంటు టైం, బోరు ఆసామి ఇంట్లో ఉండటం, కుక్కలు, ఇవేవీ లెక్కలో లేవు.

మధ్యాహ్నం నుంచి ఇళ్లు. నా ప్రశ్నాపత్రంలో నాలుగో ప్రశ్న, "తాగడానికి ఏ నీళ్లు వాడతారు?" ఐదోది, "వంటకు ఏ నీళ్లు వాడతారు?" నిన్నటిదాకా చేసిన 14 ఇళ్లలో దాదాపు అందరూ రెండిటికీ ఒకే మాట చెప్పారు, టిన్ను నీళ్లు అని. ఆటోలో ఇరవై లీటర్ల టిన్నులు వస్తాయి, వాటర్ ప్లాంటు నీళ్లు. ఒకాయన అయితే లోపల్నుంచి పెన్ను లాంటి టీడీఎస్ మీటరు తెచ్చి టిన్నులో ముంచి చూపించాడు, "చూడమ్మా ఎంత తక్కువుందో, ఫ్లోరైడ్ లేదు" అన్నాడు. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో అంచనాగా చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. ఆ మాట ఆయనకి నెమ్మదిగా చెప్పాను. బోరు నీళ్లని మరగకాచి తాగితే పోతుందని ఇంకో ఇంట్లో అన్నారు. మరిగిస్తే నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అక్కడే ఉండి ఇంకాస్త చిక్కబడుతుంది. ఇది కూడా చెప్పాను. కానీ మనసులో ఒకటే అనుకుంటున్నా, అందరూ టిన్ను నీళ్లే తాగుతూ వాటితోనే వండుకుంటుంటే ఇక నా ప్రాజెక్టు చేసేదేముంది అని.

నాలుగింటప్పుడు చివరి వీధిలో అవ్వ ఇంటికి వెళ్లాం. సమ్మతి పత్రం చదివి వినిపించి సంతకం అనగానే అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. "సంతకం ఎందుకు పాపా, పొలం కాయితాలా ఏంది?" కాదవ్వా, నేను అడిగేవాటికి చెప్పడం నీకిష్టమేనని, ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయొచ్చని, నీ పేరు ఎక్కడా రాయనని అందులో ఉంది అన్నాను. ఇంకోసారి చదవమంది. చదివాను. మామయ్యని తెలుసు కాబట్టి వేలిముద్ర వేసింది.

ఐదో ప్రశ్నకి అవ్వ కూడా టిన్ను నీళ్లే అంది. నేను రాసుకుంటున్నాను. అంతలో కోడలు లోపల్నుంచి బిందె చంకనెత్తుకుని బయటకి వెళ్తోంది. ఎక్కడికక్కా అన్నాను. "ఎసరుకు నీళ్లు తేవాలి" అంది.

"టిన్ను ఉంది కదా?"

అవ్వ నవ్వి నా చేతిమీద తట్టింది. "ఎసరుకు టిన్ను నీళ్లు పోస్తామా పాపా, రోజుకి మూడు టిన్నులు కావాలప్పుడు. అవి తాగడానికి."

నేను పెన్ను కింద పెట్టేశాను. వంటకు అంటే వాళ్లకి మర్యాదగా చెప్పే జవాబు ఒకటి ఉంది, ఎసరు అంటే పొయ్యి దగ్గర జరిగే పని. మరి పప్పులోకి అవ్వా అన్నాను. "పప్పులోకి ఆ చివర బోరింగుదే. బడి కాడిదైతే పప్పు బద్దలు బద్దలుగానే ఉంటది, గంటసేపైనా ఉడకదు. ఈ నీళ్లకైతే ఇట్టే మెత్తబడతది, సబ్బు కూడా బాగా నురగొస్తది. మా వీధి ఆడోళ్లంతా దీనికే వస్తారు."

మే నెల లెక్కలు నా పుస్తకంలో ఉన్నాయి. తీసి చూశాను. ఆ చివరి బోరింగు నా జాబితాలో ఫ్లోరైడ్ ఎక్కువున్న వాటిలో ఒకటి. అప్పుడు క్లాసులో విన్నది గుర్తొచ్చింది. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోతుంది, అందుకే ఒక హద్దు దాటి పెరగలేదు. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బనేట్ ఎక్కువున్న నీళ్లలో ఆ అడ్డు ఉండదు. పప్పు త్వరగా ఉడికేదీ, సబ్బు నురగొచ్చేదీ కాల్షియం తక్కువున్న నీళ్లతోనే. అంటే ఆడవాళ్లు ఎంతో అనుభవంతో, పప్పు మెత్తబడటం చూసి ఏరుకున్న బోరింగే ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరింగు కావొచ్చు. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, రుచి లేదు, వాళ్లకి తెలిసే దారి ఏది? ఒక్క ఊరు, ఒక్క బోరింగు చూసి పెద్ద మాట అనకూడదు, అనను. కానీ నాకు ఒళ్లు జలదరించింది.

అవ్వకి అప్పుడే ఏమీ చెప్పలేదు. చెప్పాలా వద్దా అని అక్కడే కాసేపు నలిగిపోయాను. మేలో వచ్చిన అంకె ఒక్కసారి తీసిన శాంపిల్‌ది, ఇవాళ్టి సీసా ల్యాబుకి వెళ్లి, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌ని ముందే లెక్క తెలిసిన ద్రావణాలతో సరిచూసి కొలిచాక రెండూ ఒకే మాట చెబితే అప్పుడు చెప్పాలి. "మా బోరింగు సంగతి నాకు చెప్తావుగా పాపా?" అని అవ్వే అడిగింది. చెప్తానవ్వా, కాగితం మీద రాసి తెచ్చి చదివి వినిపిస్తా అన్నాను. ఈ మాట నా ప్లాన్‌లో లేదు. ఉండి తీరాలి. ఫిబ్రవరిలో ఒక రోజు ఇందుకే పెట్టుకుంటున్నాను, థీసిస్ రాయడం ఆలస్యమైనా సరే.

సాయంత్రం మేడమ్‌కి ఫోన్ చేశాను. నా గొంతులో హడావుడి విని ముందు నీళ్లు తాగమన్నారు. తర్వాత నిదానంగా చెప్పారు. పాత ఐదో ప్రశ్నను కొట్టేయొద్దు, దాని కింద కొత్తవి చేర్చు: ఎసరుకు ఏ నీళ్లు, పప్పుకు ఏ నీళ్లు, టీకి ఏ నీళ్లు. జనాన్ని అడిగే ప్రశ్నలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి మార్పు రాసి పంపి, వాళ్లు సరే అన్నాకే కొత్త ప్రశ్నలు అడుగు. అయిపోయిన ఇళ్లకి మళ్లీ వెళ్లు, వెళ్లలేని ఇల్లు ఉంటే దాన్ని విడిగా గుర్తుపెట్టు, పాత జవాబునీ కొత్త జవాబునీ కలిపి ఒక శాతంగా చూపించొద్దు. ఈ చివరి మాట చాలా ముఖ్యం, నేను తొందరలో అదే చేసి ఉండేదాన్ని.

రాత్రి అన్నాలప్పుడు అత్తని అడిగాను, నువ్వు ఎసరుకు ఏ నీళ్లు పోస్తావు అని. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో తింటున్నాను, ఈ మాట అడగలేదు. "బోరు నీళ్లే" అంది. మా అమ్మమ్మ కాలంలో గంజి వార్చేవాళ్లు, అందులో కొంత ఫ్లోరైడ్ గంజితో పోయి ఉండాలి. అయితే ఆ గంజి కూడా ఉప్పేసుకుని తాగేవాళ్లు అంది అత్త. ఇప్పుడు కుక్కర్. పోసిన ఎసరు పోసినట్టు ఇగిరిపోతుంది, ఆవిరైన నీళ్లు పోను అందులోని ఫ్లోరైడ్ అంతా అన్నంలోనే. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా అని తాగే నీళ్లకి చెప్పారు. అన్నం, పప్పు, టీ ద్వారా ఎంత వెళ్తుందో ఇంటింటికీ లెక్కగట్టాలంటే ఒక పూట ఎసరు ఎంతో తెలియాలి. ఎవరినైనా అడిగితే "బియ్యానికి సరిపడా" అంటారు. కాబట్టి కొలవాలి.

రెండు లీటర్ల నీళ్ల చెంబు ఒకటి, గీతలున్న మగ్గు ఒకటి సంచిలో పెట్టుకున్నాను. అత్త ఆరింటికే పొయ్యి వెలిగిస్తుంది. ఎసరు పెట్టే ముందు నన్ను లేపమని చెప్పాను.