జీతానికి ఇంగ్లీషులో ఎన్ని పేర్లో

శాలరీ అన్న మాటకు ఇంగ్లీషు నిఘంటువులు పే, వేజ్, స్టైపెండ్, రెమ్యునరేషన్, హానరేరియం వంటి మాటలను పర్యాయపదాలుగా చూపిస్తాయి. పోటీ పరీక్షలకు చదివేవారు వీటిని ఒక్క గుక్కలో అప్పజెబుతారు. అయితే నియామక పత్రంలో ఒకదానికి బదులు మరొకటి రాస్తే డబ్బు పుచ్చుకునేవారి హక్కులే మారిపోయే అవకాశం ఉంది గనుక, వీటిని పర్యాయపదాలనడానికి నాకు మనసొప్పదు.

వీటన్నింటిలో ఎక్కడైనా ఇమిడిపోయేది పే. శాలరీ సాధారణంగా నెలకో ఏడాదికో ఇంత అని ఖాయం చేసి ఇచ్చేది; వేజ్ గంటకో రోజుకో వారానికో లెక్కగట్టి ఇచ్చేది. వాడుకలో తేడా ఇదే అయినా, మన చట్టాలు వేజెస్ అన్న మాటనే విశాలమైన అర్థంలో తీసుకున్నాయి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ, 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనూ వాడినది ఆ మాటే. మినిమం వేజ్ అంటారే గాని మినిమం శాలరీ అని చట్టం ఎక్కడా అనదు. రాష్ట్రపతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాజ్యాంగం 59వ అధికరణంలో ఎమాల్యుమెంట్స్ (పదవి వల్ల దక్కే రాబడి) అన్న బరువైన మాట వాడింది.

రెమ్యునరేషన్ కథ వేరు. ఇంగ్లీషులో అది ప్రధానంగా కంపెనీల వార్షిక నివేదికల్లో, డైరెక్టర్లకు ఎంత ముట్టిందో చెప్పే పేజీల్లో కనిపించే మాట. మన దగ్గర అది సినిమా వార్తల్లో స్థిరపడింది. హీరో రెమ్యునరేషన్ పెంచాడంటే తెలియనివారు లేరు. అమెరికాలో ఉద్యోగం వచ్చిన మనవాళ్ల ఆఫర్ లెటర్‌లో కాంపెన్సేషన్ అని ఉంటుంది. ఇక్కడి పెద్దలకు ఆ మాట వినగానే భూసేకరణో, బస్సు ప్రమాదమో గుర్తొస్తుంది.

స్టైపెండ్ నేర్చుకునేవారికి ఇచ్చేది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థే తప్ప కార్మికుడు కాడు, కాబట్టి అతనికి అందేది స్టైపెండ్. ఆసుపత్రిలో రాత్రంతా డ్యూటీ చేసిన హౌస్ సర్జన్‌కు అందేదీ అదే. నేర్చుకోవడం ఎక్కడ ముగిసి చాకిరీ ఎక్కడ మొదలవుతుందో ఆ మాట చెప్పదు.

అన్నింటికంటే చిక్కుముడి హానరేరియం, మన వాడుకలో గౌరవ వేతనం. సభకు పిలిచి ఉపన్యాసం చెప్పించుకున్న పెద్దమనిషికి, ఆయన అడగకపోయినా, కవరులో పెట్టి ఇచ్చే మొత్తానికి ఆ పేరు చక్కగా నప్పుతుంది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) కింద అంగన్‌వాడీ కార్యకర్త రోజూ కేంద్రం తెరిచి, పిల్లలకు అన్నం, గుడ్డు పెట్టి, బరువు తూచి, రిజిస్టర్లు నింపుతుంది. ఆమెకిచ్చేదీ గౌరవ వేతనమే. అది వేతనం కాదు కాబట్టి ఆమెకు గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) వర్తించదన్న వాదన గుజరాత్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలో వేజెస్‌కు ఇచ్చిన నిర్వచనంలోకి ఈ గౌరవ వేతనం కూడా వస్తుందని, కార్యకర్తలూ సహాయకులూ గ్రాట్యుటీకి అర్హులేనని కోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది.

అంతటితో చిక్కు వీడలేదు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగినప్పుడు వారి డిమాండ్లలో గ్రాట్యుటీ మళ్లీ ఉంది. మరుసటి నెల ప్రభుత్వం వారి పనిని అత్యవసర సేవగా ప్రకటించి, సమ్మెపై, అత్యవసర సేవల్లో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. అత్యవసర సేవ చేసేవారికి గౌరవం కొద్దీ ఇచ్చే మొత్తం ఏ లెక్కన సరిపోతుందో ఆ ఉత్తర్వు రాసినవారే చెప్పాలి.