తెగిన కొమ్మ

ఇంటర్ బైపీసీలో నా రికార్డుకు పూర్తి మార్కులు వచ్చాయి. అందులో మైక్రోస్కోపులో చూసి గీసిన బొమ్మ ఒక్కటీ లేదు. సీనియర్ అక్క రికార్డు ముందు పెట్టుకుని గీశాను. ఆ అక్క మరో అక్క రికార్డు చూసి గీసింది. షేడింగు ఉండకూడదు, పేర్లన్నీ కుడిపక్కన ఒకే వరుసలో ఉండాలి, అంతే. ఆ ధీమాతోనే మాడ్రిడ్ ల్యాబులో చేరిన వారం, బొమ్మలు గీయడం వచ్చా అని ప్రొఫెసర్ గారు అడిగితే వచ్చని చెప్పేశాను.

మాది ఎలుకల చిన్నమెదడు మీద పని. ఫోటోలు తీసే ఖరీదైన యంత్రాలున్నా, కొత్తగా వచ్చిన ప్రతివారి చేతా ఆవిడ పర్కింజి కణం అనే ఒక పెద్ద నాడీకణాన్ని నల్ల సిరాతో గీయిస్తారు. (ఇక్కడ అందరూ ఆవిడను పేరుతోనే పిలుస్తారు. మూడేళ్లయినా నాకు నోరు రాదు. ఎదురుపడినప్పుడల్లా నవ్వుతో నెట్టుకొస్తున్నాను.)

ఊరే అలాంటిది. నాడీకణాల బొమ్మలతో పేరుపడ్డ స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్, ఇటలీ శాస్త్రవేత్త గాల్జీ కనిపెట్టిన రంగు పద్ధతిలో తయారైన స్లైడు మొదటిసారి చూసింది 1887లో, ఈ మాడ్రిడ్‌లోనే. చిన్నప్పుడు చిత్రకారుడినవుతానంటే డాక్టరైన తండ్రి ఒప్పుకోలేదు. తరవాత ఆయనే కొడుకును శ్మశానానికి తీసుకెళ్లి, ఎముకల బొమ్మలు గీయించి వైద్యంలోకి దింపాడు. గాల్జీ పద్ధతిలో వెండి లవణం కొద్ది కణాలకే పడుతుంది. పట్టినవి కొసల దాకా నల్లబడతాయి, మిగతావి కనిపించనే కనిపించవు. అన్నీ నల్లబడితే చూడటానికి సిరా మరక తప్ప ఏముంటుంది? ఆ రంగుతోనే చూసి గాల్జీ మెదడంతా అతుక్కున్న వల అన్నాడు, కహాల్ విడివిడి కణాలన్నాడు. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. గాల్జీ ఆ బహుమతి అందుకున్నప్పటి ఉపన్యాసంలోనూ కహాల్ వాదాన్ని ఖండించాడు!

మైక్రోస్కోపుకు బిగించిన అద్దంలో స్లైడూ, కాగితం మీది పెన్సిలు మొనా ఒకేసారి కనిపిస్తాయి. ఎడమచెయ్యి ఫోకస్ తిప్పుతుంటే కుడిచెయ్యి గీయాలి. పర్కింజి కణం తాటాకు విసనకర్ర లాంటిది: ఎదురుగా చూస్తే వందల కొమ్మలు, పక్కనుంచి చూస్తే సన్నటి పట్టీ. రెండు రోజులు పెన్సిలు, ఆపైన సన్న పాళీతో సిరా. చుక్క ఒలికితే బ్లేడుతో మెల్లగా గీకడం. ఒక పెద్ద కొమ్మ స్లైడు పైభాగానికి వచ్చి ఠక్కున ఆగిపోయింది. దాన్ని చక్కగా సాగదీసి, చివర్లు చీల్చి, బొమ్మను నిండుగా చేశాను.

ఆవిడ చూపుడువేలు సరిగ్గా అక్కడే ఆగింది. "ఇది చూశావా, ఉంటుందని అనుకున్నావా?"

కత్తి మెదడును పొరలుగా కోసినప్పుడు ఆ కొమ్మ తెగింది, మిగతా సగం పక్క పొరలో ఉంది. నేను గీసిన సగం ఏ ఎలుకదీ కాదు. కహాల్ కూడా పలు స్లైడులు చూసి, కొన్నిసార్లు జ్ఞాపకం నుంచి గీసేవాడు కదా అనబోయాను. వేల స్లైడులు చూసిన తరవాత అని జవాబు వస్తుందని తెలిసి ఊరుకున్నాను. మళ్లీ రెండు రోజులు పట్టింది. ఈసారి కొమ్మను తెగినచోటే మొండిగా వదిలేశాను.

మొన్న ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరం చదువుతున్న మేనకోడలు ఫోను చేసింది. "అత్తా, రికార్డులో సెరిబెల్లం వెయ్యాలి, నీ బొమ్మ పంపవా?" ముందు స్లైడు చూడమని ఒక ఉపన్యాసం ఇచ్చి, బొమ్మ పంపాను. రాత్రికి ఆమె రికార్డు పేజీ ఫోటో వచ్చింది. గులాబీ, ఊదా పెన్సిళ్లతో ముచ్చటగా ఉంది. మొండికొమ్మ మాత్రం పూర్తయింది, చివర్లు చీలి మరీ.

"అలా వదిలేస్తే మేడమ్ మార్కులు తగ్గిస్తారత్తా" అని కింద రాసింది.