చింతచెట్టు చుట్టూ ఎంతమందిమి?

సూర్యాపేటలో తెల్లవారుజామున బస్సెక్కి, ఎనిమిదిన్నరకు ఇమ్లీబన్‌లో దిగాను. చేతిలో గుడ్డసంచి, అందులో తడిగుడ్డలో చుట్టిన చింతచిగురు. మా సోషల్ సారు రెండేళ్లుగా అత్తాపూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. ఏం తేవాలని ఫోన్లో అడిగితే "ఏం వద్దురా" అన్నారు. పెట్టేసే ముందు మాత్రం, "చిగురు వచ్చిందా?" అని అడిగారు. అంటే తెమ్మనే.

ఆ బస్టాండ్‌కు పెట్టిన పేరు మహాత్మాగాంధీది. మా వైపు ఎవరూ అలా అనరు. ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం అని మాకు చెప్పింది సారే, 1997లో, ఏడో తరగతి పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కు తెచ్చినప్పుడు. వేరే స్కూళ్లవాళ్లు చార్మినార్, జూపార్కు చూపించి తీసుకుపోయేవాళ్లు. మా సారు మమ్మల్ని మొదట మూసీ ఒడ్డున దించారు. "బిల్డింగులు యాడికి పోవురా. ముందు నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నయో జూడుర్రి." మాకేమో పులిని చూడాలని ఆత్రం. పైగా ఆ కంపు. ఒకడు ముక్కు మూసుకుంటే, "మన పొలాలకు వచ్చేటివి ఈ నీళ్లే" అన్నారు. నిజమే. మా ఊరు సోలిపేట దగ్గర 1963లో కట్టిన మూసీ ప్రాజెక్టు కాలువ కింద ఉంది. అప్పటిదాకా మూసీ అంటే మా ఊరి సొంతం అనుకునేవాణ్ణి. అనంతగిరి గుట్టల్లో పుట్టి, పట్నం నడుమ నుంచి పారి, మా దాకా వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని ఆ రోజే తెలిసింది.

ఈసారి సారు దగ్గరికి వెళ్లేముందు ఆ దారిలోనే ఓసారి నడవాలనిపించింది. ఎండ ముదరకముందే అఫ్జల్‌గంజ్ చేరి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి వెళ్లాను. ఆనాడు సారు చూపించిన చింతచెట్టు ఇంకా ఉంది. బెరడు ఎండిన చెరువు అడుగులా పెచ్చులు పెచ్చులుగా పగిలింది, పైన మాత్రం లేత చిగురు. కింద నీడలో ఒకావిడ స్టీలు టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని, మూత తీయకుండా ఎవరికోసమో చూస్తోంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఈ చెట్టెక్కి 150 మంది బతికారని చెబుతారు. ఇప్పుడున్న ఆసుపత్రి భవనం అప్పటికి లేదు. దాదాపు 15 వేల మంది పోయారు. అమ్జద్ హైదరాబాదీ అనే కవి ఒక్కడే మిగిలాడు, తల్లి, భార్య, బిడ్డ కొట్టుకుపోయారు. సారు అక్కడిదాకా చెప్పి, మమ్మల్ని ఏడవనివ్వకుండా ప్రశ్న వేశారు.

"వరద ఎందుకొచ్చింది?"

"వాన పడ్డది సార్."

"వాన ఏటా పడతది."

ఎగువన రెండు వందలకు పైగా చెరువుల కట్టలు తెగాయట. పై చెరువు తెగి కింది చెరువు మీద పడితే అదీ తెగుతుంది. ఆ లెక్కంతా చూసిన ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నీళ్లను ఊరికి ఎగువనే ఆపాలన్నారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఇదంతా చెప్పాక, చేతులు పట్టుకుని చెట్టు చుట్టుకొలత చూడమన్నారు. పట్టుకున్నాం. జూపార్కుకు వెళ్లేసరికి గేట్లు మూశారు, అది వేరే సంగతి. ఇంటికెళ్లాక సారును తిట్టుకోని పిల్లాడు లేడు.

కట్ట ఎందుకు తెగుతుంది అన్నది మాత్రం నన్ను వదల్లేదు. పదో తరగతి అయ్యాక మా నాయిన నన్ను ఎరువుల దుకాణంలో పనికి కుదిర్చాడు. మూడో రోజు సారు సైకిల్ మీద దుకాణానికే వచ్చి, యూరియా బస్తా మీద పాలిటెక్నిక్ ఎంట్రన్స్ ఫారం పెట్టి నాతో నింపించారు. ఫీజు ఎవరు కట్టారని నాయిన అడగలేదు, సారు చెప్పలేదు. ఇప్పుడు నాది నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగం. ఎక్కడైనా కట్ట చెమ్మ పట్టిందంటే, టెన్షన్‌లో పైఆఫీసరు కంటే ముందు సారుకు ఫోన్ చేసిన రోజులున్నాయి. ఆయనకు ఇంజినీరింగ్ ఏం తెలుసని? "ఆ ఊళ్లె ముసలోళ్లను అడుగు, ఇంతకుముందు యాడ తెగిందో" అనేవారు. డ్రాయింగుల్లో లేనిది అలా ఎన్నిసార్లు దొరికిందో!

నయాపూల్ మీద ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఆటోలో పురానాపూల్ చేరాను. 1578 నాటి వంతెన. 1908లో మిగతా వంతెనలు మూడూ దెబ్బతిన్నా ఇది నిలిచింది. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతున్నారు. ఒకామె ముందు గోనెపట్టా మీద చింతచిగురు కుప్ప! పావుకిలో నూటయాభై అంది. మూడు గంటలు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన నా సంచిని చూసుకుంటే నవ్వొచ్చింది.

అత్తాపూర్‌లో అడ్రస్ కంటే ఫ్లైఓవర్ పిల్లర్ నంబర్ ముఖ్యం. నాలుగో అంతస్తులో సారు తలుపు తీశారు. చిక్కిపోయారు. నా భుజం పట్టుకుని కుర్చీ దాకా నడిచారు, పట్టు మాత్రం పాతదే. సారు భార్య సంచి అందుకుని, కింద కూర్చుని చిగురులో పుల్లలు ఏరడం మొదలుపెట్టింది. ఫోన్లో చెట్టు ఫొటో చూపించాను. సారు దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చి, మళ్లీ దూరంగా పెట్టి చూశారు.

"కొలిచినవా?"

"ఒక్కణ్ణే కద సార్, ఎట్ల కొలుస్త?"

"అప్పుడు ఎంతమంది పట్టుకున్నరు?"

"ముగ్గురు సార్" అని, ముగ్గురి పేర్లూ చెప్పాను.

సారు ఒక్కో పేరుకూ ఒక్కో వేలు మడిచారు. నాలుగో వేలు అలాగే చాపి నావైపు చూశారు.

"మరి నువ్వు యాడున్నవ్‌రా?"

నాకు నోట మాట రాలేదు. సారు లోపలి గదివైపు తిరిగి గట్టిగా అన్నారు. "బిడ్డా, పరమానందయ్య శిష్యుడు వచ్చిండు, ఇంకో గిలాసెడు బియ్యం పొయ్యి!"