అధ్యక్షా, నేను హాజరు

మన పదో తరగతి బ్యాచ్ కలయిక సావనీరుకి రెండు పేజీలు రాయమని కమిటీ వాళ్ళు ఒకటే ఫోన్లు. 'ట్రెజరీలో సంతకాలు తప్ప ఇన్నేళ్ళూ ఏం రాశావురా' అని మన క్లాసు అసెంబ్లీ స్పీకరు గాడు అంటించేసరికి కూర్చోక తప్పలేదు.

ఆరు నుంచి తొమ్మిది దాకా నాకేమీ గుర్తులేదు. గుర్తున్నదల్లా పదో తరగతి, అందులోనూ శనివారం ఆఖరి పీరియడ్. 1985 మార్చి ఎన్నికల్లో ఆనం రామనారాయణరెడ్డి గారు మన రాపూరు ఎమ్మెల్యే అయ్యారు. 1983లో నెల్లూరులో గెలిచిన మనిషి రెండేళ్ళకే మనకొచ్చారని సోషల్ సారుకి మహా హుషారు, ఆ పీరియడ్‌లో క్లాసునే ఉత్తుత్తి అసెంబ్లీ చేసేవారు. కిటికీ వైపు బెంచీలు అధికార పక్షం, గోడ వైపు ప్రతిపక్షం, నోరు తెరిస్తే 'అధ్యక్షా' అనాల్సిందే. 'అధ్యక్షా, ఒంటికి' అన్నది ఎవరో మళ్ళీ చెప్పక్కర్లేదు. పెంచలకోన ఎక్స్‌కర్షన్ ఎప్పుడని మనం నిమ్మకాయ అని పిలిచేవాడు లేచి అడిగితే, మంత్రిగా ఉన్న నేను జేబులు తడుముకుని 'పరిశీలనలో ఉంది అధ్యక్షా' అన్నాను. సారు చాక్‌పీసు విసరబోయి నవ్వేశారు. 'ఒరే అబ్బయ్యా, నువ్వు గవర్నమెంటు ఉద్యోగానికే పుట్టావురా' అన్నారు. ఆ ఎక్స్‌కర్షన్‌కి మనం పోనేలేదు.

సారన్నట్టే అయింది. జూనియర్ అకౌంటెంటుగా చేరి సబ్ ట్రెజరీ ఆఫీసరు దాకా వచ్చాను, పిల్లలిద్దరూ స్థిరపడ్డారు, నెల్లూరులో చిన్న ఇల్లు, చాలు.

ఆనం గారు తర్వాత కాంగ్రెస్‌కి వెళ్ళి 1999లో, 2004లో మళ్ళీ రాపూరు నుంచే గెలిచారు. 2009కి పునర్విభజనలో రాపూరు నియోజకవర్గమే లేకుండా పోయింది, మనల్ని వెంకటగిరిలో కలిపారు. ఆయన ఆత్మకూరుకి పోయి గెలిచి, ఆర్థిక మంత్రయి, 2011 ఫిబ్రవరిలో తొలి బడ్జెట్ పెట్టారు. అప్పుడు నేను ట్రెజరీ సీట్లో ఉన్నాను. ఆ రోజుల్లోనే సారు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చారు. లోపలికి రమ్మన్నా రారే, చేతిలో పెన్షన్ పుస్తకం పట్టుకుని లైన్లోనే నిలబడి, కౌంటరు దగ్గరికొచ్చాక, 'అధ్యక్షా, మేము బతికే ఉన్నామని సభ ధ్రువీకరించాలి' అన్నారు. స్టాఫంతా బిత్తరపోయి చూస్తున్నారు, నాకేమో నవ్వాగట్లేదు. టీ తాగినంతసేపూ బడ్జెట్ ప్రసంగం గురించే. రాపూరు పేరు అసెంబ్లీ లిస్టులో లేదన్న బాధ మాత్రం ఆయనకి పోలేదు.

ఆనం గారు 2014లో ఆత్మకూరులో ఓడినా, 2019లో వెంకటగిరి నుంచి గెలిచారు కాబట్టి మన ఊరి ఓట్లు తిరిగి ఆయన లెక్కలోకే వచ్చాయి. కండువాలు మారాయనే వాళ్ళు అంటూనే ఉంటారు, నలభై ఏళ్ళు నెగ్గుకురావడం మాటలా? 2024లో ఆత్మకూరు నుంచే గెలిచి దేవాదాయ మంత్రి అయ్యారు. అంటే మన పెంచలకోన నరసింహస్వామి గుడి ఇప్పుడు ఆయన శాఖే.

కమిటీ వాళ్ళూ, భోజనాలు ఎట్టా పెట్టినా పర్లేదు గానీ, ఆ రోజు పొద్దున్నే కోనకి ఒక బస్సు పెట్టండి. నా వాటా డబ్బులు ముందే పంపేస్తాను.