చెరువు లెక్కలు, ఎక్సెల్ ఫార్ములాలు

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు లెక్కలను ఈ పంట నుంచి ఎక్సెల్‌లో రాస్తున్నాను. రోజువారీ మేతను సి కాలమ్‌లో వేసి, పక్క సెల్‌లో =సమ్($సి$2:సి2) అని ఇచ్చి కిందికి లాగితే, డాలరు గుర్తున్న మొదటి సెల్ కదలకుండా నిలిచి, రెండోది వరుసతోపాటు దిగుతూ, ఏ రోజుకారోజు మొత్తం మేత ఎంతయిందో చూపిస్తుంది. ఇంత చిన్న గుర్తుతో ఇంత పని జరుగుతుందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పకపోవడం అన్యాయమే!

కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య కనుక, 1000ని దానితో భాగిస్తే ఒక్కో రొయ్య సగటు బరువు గ్రాముల్లో వస్తుంది. 100 కౌంటుకు 10 గ్రాములు. కౌంటు చూసేందుకు శాంపిల్ వల వేయని రోజున, కౌంటు రాసే ఈ (E) కాలమ్‌లోని సెల్ ఖాళీగా ఉండి, సున్నాతో భాగించినట్లు దోషం కనబడేది. =ఇఫ్‌ఎర్రర్(1000/ఈ2,"") అని రాశాక అది పోయింది. ఈ ఫంక్షన్ అసలైన తప్పులను సైతం కప్పేస్తుంది కాబట్టి దాన్ని ఆ ఒక్క కాలమ్‌కే పరిమితం చేశాను. మేత కాలమ్‌లో "50 కేజీలు" అని అక్షరాలు కలిపి టైపు చేస్తే మాత్రం ఏ దోషమూ చూపకుండా సమ్ దాన్ని వదిలేస్తుంది. అందుకే అక్కడ అంకె తప్ప మరేమీ వేయవద్దని మేత చల్లే కుర్రాడికి గట్టిగా చెప్పాను.